ఇన్ఫో మెనూల్లో దారి తప్పుతున్నా, ఎవరైనా చెయ్యి పట్టుకుని నడిపించండి

కొత్త_పెంగ్విన్ | ఆదివారం, రాత్రి 9.40

అందరికీ నమస్తే. పాత లాప్‌టాప్‌లో డెబియన్ అనే లినక్స్ వేసుకున్నా. మాది మధిర దగ్గర పల్లె. వానలు పడితే నెట్ ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. అందుకే మాన్యువల్స్ అన్నీ మెషీన్‌లోనే చదువుకోవాలని పట్టుదలగా ఉన్నా.

నా సమస్య చిన్నదే. వీడియో పాఠాలు ఒక ఫోల్డర్‌లో పెట్టుకున్నా. ఫైళ్ల జాబితా చూపించే ఎల్‌ఎస్ కమాండ్ కొడితే పాఠం1, పాఠం10, పాఠం11, ఆ తర్వాత పాఠం2 అని వస్తున్నాయి. 1, 2, 3 వరసలో రావాలంటే ఏ ఆప్షన్ వాడాలో చూద్దామని మాన్ పేజీ (కమాండ్ గురించి చెప్పే చిన్న సాయం పేజీ) తీశా. అక్కడ ఆప్షన్లు ఒక్కోదానికి ఒక ముక్క చెప్పి వదిలేశాడు. పూర్తి వివరాలు ఇన్ఫోలో, అంటే టెర్మినల్‌లో మాన్యువల్ పుస్తకాలు చదివే ప్రోగ్రామ్‌లో, ఉన్నాయని అడుగున రాసి ఉంది.

సరే కదా అని ఇన్ఫో కోర్‌యుటిల్స్ అని కొట్టా (ఎల్‌ఎస్ లాంటి కమాండ్ల పుస్తకం పేరది). ఏదో పెద్ద జాబితా వచ్చింది. ఎన్ నొక్కితే తర్వాతి పేజీ అని ఎక్కడో చదివా. నొక్కుకుంటూ పోయా. ముప్పై చిల్లర పేజీల్లో పుస్తకం అయిపోయింది! ఎల్‌ఎస్ గురించి ఉండాల్సిన చోట ఒక్క వాక్యం, దాని కింద చుక్కల (*) గుర్తులతో నాలుగు లైన్లు. అంతే. ఇంత లావు పుస్తకం అంటారే, ఇదేనా? నా దాంట్లో సగమే ఇన్‌స్టాల్ అయిందా?

---

రెండో_షిఫ్ట్ | ఆదివారం, రాత్రి 9.52

ఎల్‌ఎస్ పక్కన హైఫన్ వీ (-v) పెట్టు. పని అయిపోయింది. ఇన్ఫో జోలికి పోకు తమ్ముడూ. పదిహేనేళ్లుగా సర్వర్లు చూస్తున్నా, ఇన్ఫో తెరిచింది మొత్తం నాలుగు సార్లు. అందులో మూడు సార్లు పొరపాటున.

---

కొత్త_పెంగ్విన్ | ఆదివారం, రాత్రి 9.58

థాంక్స్ అన్నా, వరస సరిగ్గా వచ్చింది. కానీ రేపు ఇంకో కమాండ్‌తో పేచీ వస్తే? మీరు ప్రతి రాత్రీ మేలుకుని ఉండరుగా. అది చదవడం ఎలాగో తెలిస్తే బాగుంటుంది.

---

వేపచెట్టు | ఆదివారం, రాత్రి 10.31

బాబూ, పుస్తకం మొత్తం ఉంది. నువ్వు అట్టల మీద నడిచావు, లోపలికి దిగలేదు.

ఇన్ఫోలో ఒక్కో పేజీని నోడ్ అంటారు. ఈ నోడ్‌లు ఒకదాని వెనక ఒకటి రైలు పెట్టెల్లా ఉండవు, చెట్టులా ఉంటాయి. పైన మొదలు, దాని కింద అధ్యాయాలు, వాటి కింద ప్రకరణాలు, వాటి కింద ఇంకా చిన్నవి. ఎన్ అంటే నెక్స్ట్. కానీ అది అదే వరసలో ఉన్న తర్వాతి నోడ్‌కు తీసుకెళ్తుంది, అంటే అధ్యాయం నుంచి తర్వాతి అధ్యాయానికి. అధ్యాయం లోపలికి అది ఎప్పుడూ దిగదు. అన్నదమ్ముల ఇళ్ల గుమ్మాలన్నీ చూసొచ్చి, ఏ ఇంట్లోనూ పిల్లలు లేరన్నట్టుంది నీ పని.

లోపలికి దిగే మెట్లే మెనూ. నువ్వు చుక్కల గుర్తులన్నావే, ఆ నాలుగు లైన్లూ అవే. పేజీలో మెనూ అనే మాట ఉన్న లైను కనిపించాక, ఆ కింద చుక్కతో మొదలయ్యే ప్రతి లైనూ ఒక తలుపు. ఎమ్ నొక్కు. తెర అడుగున ఏ ఐటమ్ అని అడుగుతుంది. పేరు టైప్ చేసి ఎంటర్ కొట్టు. పూర్తి పేరు అక్కర్లేదు, ఇంకో దానితో కలవకుండా ఉండేంత చాలు. పెద్దక్షరాలా చిన్నక్షరాలా అనే పట్టింపు లేదు. మధ్యలో ట్యాబ్ కొడితే మిగతాది అదే నింపుతుంది, లేదా సరిపోయే పేర్లన్నీ చూపిస్తుంది.

ఒకసారి చేసి చూడు. మొదటి పేజీలో ఎమ్ కొట్టి డైరెక్టరీ లిస్టింగ్ ఎంచుకో. నువ్వు చూసిన ఆ ఒక్క వాక్యం పేజీ వస్తుంది. మళ్లీ ఎమ్ కొట్టి ఎల్‌ఎస్ అని టైప్ చెయ్యి. అక్కడ ఎల్‌ఎస్ ఇన్వొకేషన్ అనే నోడ్ తెరుచుకుంటుంది, దానికి మళ్లీ సొంత మెనూ ఉంటుంది. ఏ ఫైళ్లు చూపించాలి, ఏ సమాచారం చూపించాలి, వరస ఎలా పెట్టాలి అని. మూడోది నీకు కావలసింది.

---

బందరు_లడ్డు | ఆదివారం, రాత్రి 10.44

పెద్దాయన చెప్పాక చెప్పేదేముంది గానీ, టైప్ చెయ్యడం బద్ధకమైతే అంకెలు కూడా పనిచేస్తాయి. 3 కొడితే మెనూలో మూడో ఐటమ్. ఈమాక్స్ అనే ఎడిటర్‌లో చదివితే ఇంకో సుఖం: లెక్కపెట్టుకోవడానికి వీలుగా మెనూలో ప్రతి మూడో చుక్కకూ రంగు వేసి ఉంటుంది. మూడు, ఆరు, తొమ్మిది కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఎవరికి తట్టిందో గానీ దండం పెట్టాలి.

---

కొత్త_పెంగ్విన్ | ఆదివారం, రాత్రి 11.15

తప్పు దారి నంబర్ రెండు చెప్తా, నవ్వకండి.

మొదటి పేజీలో లెక్కపెడితే డైరెక్టరీ లిస్టింగ్ పదోది. 1, 0 అని కొట్టా. 1 కొట్టగానే ఆగకుండా ఇంట్రడక్షన్‌లోకి లాక్కెళ్లింది. ఆ తర్వాత 0 పడేసరికి అక్కడ మెనూ లేదంది. మళ్లీ మొదటికొచ్చి, ఈసారి ఇంకా గట్టిగా 10 కొట్టా.

---

బందరు_లడ్డు | ఆదివారం, రాత్రి 11.19

😂 గట్టిగా కొడితే కీబోర్డు పోతుంది గానీ పదో ఐటమ్ రాదు నాయనా. 1 నుంచి 9 వరకే. టెర్మినల్ ఇన్ఫోలో 0 అంటే మెనూలో ఆఖరిది. మధ్యలో వాటికి ఎమ్ కొట్టి పేరు చెప్పాల్సిందే, లేదా ట్యాబ్‌తో ఒక్కో లంకె మీద దూకుతూ వెళ్లి ఎంటర్ కొట్టాలి.

---

కొత్త_పెంగ్విన్ | ఆదివారం, రాత్రి 11.48

వచ్చేసింది!! ఎమ్ కొట్టి డైర్ వరకు టైప్ చేసి ట్యాబ్ నొక్కితే నాలుగైదు పేర్లు చూపించింది, డైర్ అనే కమాండ్ కూడా ఒకటి ఉందట. మొదటి పేజీలో కిందికి వెళ్తే అధ్యాయాల లోపలి నోడ్‌ల పేర్లు కూడా అన్నీ పరిచి ఉన్నాయి, అందుకే అన్ని దొరికాయి. అక్కణ్నించే నేరుగా ఎమ్, ఎల్‌ఎస్ ఇన్, ఎంటర్ అన్నా పోతోంది. మధ్య మెట్టు అక్కర్లేదు.

సార్టింగ్ పేజీలో హైఫన్ వీ గురించి ఉంది. సైజును బట్టి పెద్ద ఎస్, టైమును బట్టి చిన్న టీ... అన్నీ పక్కపక్కనే. రెండో_షిఫ్ట్ అన్నా, మీరు చెప్పిన ఒక్క అక్షరం కోసం వచ్చి పది నేర్చుకున్నా.

ఇప్పుడు ఇంకో అనుమానం. వెనక్కి రావడానికి కొన్నిసార్లు యూ కొడుతున్నా, కొన్నిసార్లు ఎల్ కొడుతున్నా. రెండూ ఒకటేనా? ఒక్కోసారి ఒకే చోటికి, ఒక్కోసారి వేరే చోటికి వెళ్తున్నాయి.

---

వేపచెట్టు | సోమవారం, ఉదయం 6.10

మంచి ప్రశ్న. ఇన్ఫోతో తంటాలు పడేవాళ్లలో ఎక్కువ మంది ఇక్కడే ఆగిపోతారు.

యూ అంటే అప్. చెట్టులో ఒక మెట్టు పైకి. నువ్వు ఎక్కణ్నించి వచ్చావో దానికి అనవసరం. ఎల్ అంటే లాస్ట్. నువ్వు ఇంతకుముందు ఏ నోడ్‌లో ఉన్నావో అక్కడికి. చెట్టు ఎలా ఉందో దానికి అనవసరం.

మెట్టుమెట్టుగా మెనూల్లోంచి దిగితే రెండూ ఒకే చోటికి తెస్తాయి. అందుకే ఒకటే అనిపిస్తుంది. తేడా తెలియాలంటే ఇలా చెయ్యి. డీ నొక్కు. మెషీన్‌లో ఉన్న మాన్యువల్స్ అన్నిటి జాబితా వస్తుంది, దాన్ని డైరెక్టరీ నోడ్ అంటారు. అన్ని పుస్తకాలకూ అది బీరువా. అందులో పుస్తకాల పేర్లే కాదు, విడివిడి కమాండ్ల పేర్లు కూడా ఉంటాయి. ఎమ్ కొట్టి ఎల్‌ఎస్ అను. తిన్నగా ఎల్‌ఎస్ ఇన్వొకేషన్‌లో పడతావు. ఇప్పుడు యూ కొడితే డైరెక్టరీ లిస్టింగ్ అధ్యాయానికి వెళ్తావు, అక్కడ నువ్వు ఇంతకుముందు అడుగు పెట్టకపోయినా సరే. ఎల్ కొడితే బీరువా దగ్గరికి తిరిగొస్తావు.

మా ఊళ్లో వాకిట్లోంచి వచ్చి పెరటి గుమ్మం గుండా పోతే, ఏ వీధిలో తేలామో చూసుకునేవాళ్లం. యూ ఆ వీధి పేరు చెప్తుంది. ఎల్ వచ్చిన వాకిట్లోకే తోస్తుంది.

ఇంకా గందరగోళం అనిపిస్తే తెర మీద మొదటి లైను చూడు. ఫైలు పేరు, నోడ్ పేరు, నెక్స్ట్ ఏమిటి, ప్రీవ్ ఏమిటి, అప్ ఏమిటి, అన్నీ రాసి ఉంటాయి. నొక్కకముందే ఎక్కడికి పోతావో అక్కడే తెలుస్తుంది. జనం పొరపాటున చదవకుండా వదిలేసేది ఆ లైనే.

---

డాలస్_పిన్ని | సోమవారం, ఉదయం 7.25

ఈ చర్చ చూస్తే గోఫర్ రోజులు గుర్తొచ్చాయి. మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు. 1991లో మిన్నసోటా యూనివర్సిటీ వాళ్లు తెచ్చిన పద్ధతి అది. నెట్ మొత్తం మెనూలే. అంకె కొట్టు, ఎంటర్, ఇంకో మెనూ, ఇంకో అంకె, చివరికి ఒక టెక్స్ట్ ఫైలు. వ్యాసం మధ్యలో లంకెలు ఉండేవి కావు. మెనూ చివరికి వెళ్తే చదవడమే, తర్వాత వెనక్కి రావడమే.

1993లో సర్వర్‌కి లైసెన్స్ ఫీజు అంటూ ఆ యూనివర్సిటీ ఒక ప్రకటన చేసింది. అప్పుడే వెబ్ ఉచితంగా దొరుకుతోంది. జనం అటు మళ్లడానికి అదొక్కటే కారణం కాదుగానీ, కలిసొచ్చింది.

నాకు మొదటి నెట్ పరిచయం మాత్రం హైదరాబాద్‌లో, అప్పటి నెట్ కంపెనీ వీఎస్‌ఎన్‌ఎల్ వాళ్ల షెల్ అకౌంట్‌తో, అంటే అంతా కమాండ్లతోనే. నల్ల తెర, బొమ్మలు లేవు, లింక్స్ అనే బ్రౌజర్. ఆ పేరు అడవి పిల్లిది, లంకెలది కాదు. మా నాన్నగారికి ఎన్నిసార్లు చెప్పినా లంకెలే అనుకునేవారు. బాణం గుర్తులతో కిందకీ పైకీ, కుడి బాణం కొడితే లంకెలోకి, ఎడమ బాణం కొడితే వెనక్కి. అందుకే నాకు ఇన్ఫో వింతగా అనిపించలేదు.

---

రెండో_షిఫ్ట్ | సోమవారం, ఉదయం 7.40

అదే నా బాధ పిన్నీ. లింక్స్‌లో నాలుగు బాణాలతో పని అయిపోయేది. ఇన్ఫోకి ఎన్, పీ, యూ, ఎల్, డీ, టీ, ఎమ్, ఎఫ్, జీ... కీబోర్డు మొత్తం అప్పజెప్పాలి. ఒక మాన్యువల్ చదవడానికి ఇంకో మాన్యువల్ చదవాలంటే ఎలా?

---

చెవులే_కళ్ళు | సోమవారం, ఉదయం 9.05

రెండో_షిఫ్ట్ గారూ, నా వైపు నుంచి ఒక మాట. నాకు చూపు లేదు, స్క్రీన్ రీడర్‌తో పని చేస్తా. వెబ్ పేజీ తెరిస్తే నాకు ముందు వినిపించేది పైన పట్టీలో పన్నెండు లంకెలు, పక్క పట్టీలో ఇరవై, కుకీల గొడవ, ఆ తర్వాత విషయం. ఏ లంకె పుస్తకంలో భాగమో, ఏది ప్రకటనో వింటే గానీ తెలీదు.

ఇన్ఫోలో ఎమ్ కొట్టి రెండు ట్యాబులు వేస్తే ఆ పేజీ నుంచి లోపలికి వెళ్లే దారులు మాత్రమే పేర్లతో వస్తాయి. మధ్యలో వాక్యంలో కలిసిపోయిన అడ్డ లంకెలు అందులో కలవవు, వాటికి ఎఫ్ అని వేరే కీ ఉంది. లోపలికి దిగడం వేరు, పక్క పుస్తకంలోకి తొంగి చూడడం వేరు అని ఇంత స్పష్టంగా విడదీసినది నాకు ఇంకెక్కడా దొరకలేదు. తొమ్మిది కీలు గుర్తుపెట్టుకోవడం కష్టమే. వాటితో ఎక్కడున్నానో నాకు ప్రతి క్షణం తెలుస్తుంది.

టి.వి. రామన్ గారు 1990ల మధ్యలో తెచ్చిన, ఈమాక్స్‌ని చదివి వినిపించే ఈమాక్‌స్పీక్‌తో ఈమాక్స్‌లో ఇన్ఫో విన్నాను. నేను మొదలుపెట్టి చివరిదాకా పూర్తి చేసిన మొట్టమొదటి సాంకేతిక పుస్తకం అలా విన్నదే.

---

రెండో_షిఫ్ట్ | సోమవారం, ఉదయం 9.30

ఈ కోణం నాకు తట్టలేదు సర్. మాట వెనక్కి తీసుకుంటున్నా. సగం.

---

వేపచెట్టు | సోమవారం, ఉదయం 11.02

చెవులే_కళ్ళు గారు అసలు సంగతి పట్టుకున్నారు. వెబ్‌లో లంకె అంటే లంకె, అంతే. పైకి అనే మాటకి అక్కడ అర్థం లేదు, ఎందుకంటే ఏది ఎవరి కింద ఉందో ఎవరూ చెప్పరు. ఇన్ఫోలో మెనూ రాసినవాడు ఇది నా బిడ్డ అని చెప్పినట్టు. అందుకే అప్ అనే కీ పనిచేస్తుంది.

ఇది పాత ఆలోచనే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పెట్టిన గ్నూ ప్రాజెక్ట్ ప్రకటన 1983లో వచ్చింది. ఇన్ఫో పద్ధతి అంతకు ముందే ఎమ్‌ఐటీ ఏఐ ల్యాబ్‌లో, పాత ఈమాక్స్ సాయం పుస్తకాల కోసం వాడారు. ఒకే మూలం నుంచి తెర మీద చదివే ఇన్ఫో ఫైలూ, అచ్చు పుస్తకమూ రెండూ రావాలని 80ల మధ్యలో, గ్నూ పెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ టెక్స్‌ఇన్ఫో అనే రాత పద్ధతి మొదలుపెట్టారు. ఈమాక్స్ లేకుండా విడిగా నడిచే రీడర్ రాసినది బ్రయాన్ ఫాక్స్, మనం కమాండ్లు కొట్టే బాష్ షెల్ రాసిన మనిషే. అచ్చు పుస్తకంలో అధ్యాయాలూ ప్రకరణాలూ ఎలాగూ ఉంటాయి కాబట్టి తెర మీదకీ ఆ చెట్టే వచ్చింది.

---

కొత్త_పెంగ్విన్ | సోమవారం, రాత్రి 8.50

ఇవాళ ఇంకో దెబ్బ. ధైర్యం వచ్చి ఇన్ఫో బాష్ అని కొట్టా. పొడుగాటి పేజీ ఒక్కటే వచ్చింది. ఎమ్ కొడితే ఈ నోడ్‌లో మెనూ లేదంటోంది. ఎన్ లేదు, పీ లేదు. బాష్‌కి మెనూలు రాయలేదా?

---

బందరు_లడ్డు | సోమవారం, రాత్రి 8.57

మొదటి లైను చదువు. వేపచెట్టు గారు పొద్దున్నే చెప్పారు. మాన్‌పేజెస్ అని ఉందా?

---

కొత్త_పెంగ్విన్ | సోమవారం, రాత్రి 9.01

ఉంది! అయితే?

---

బందరు_లడ్డు | సోమవారం, రాత్రి 9.12

అయితే నువ్వు చదువుతున్నది ఇన్ఫో పుస్తకం కాదు. అడిగిన పుస్తకం దొరక్కపోతే ఇన్ఫో నోరు మూసుకుని మాన్ పేజీ తెచ్చి చూపిస్తుంది. చెట్టు లేని చోట మెనూ ఎక్కణ్నించి వస్తుంది? డెబియన్‌లో బాష్ మాన్యువల్ విడి ప్యాకేజీ. బాష్ హైఫన్ డాక్ అని ఉంటుంది, నెట్ ఉన్నప్పుడు వేసుకో.

జీసీసీ (గ్నూ కంపైలర్), ఈమాక్స్ పుస్తకాలైతే ఇంకో తిరకాసు. వాటి లైసెన్స్‌లో మార్చకూడని భాగాలు అని కొన్ని ఉన్నాయి. అలాంటివి ఉంటే అది స్వేచ్ఛా డాక్యుమెంట్ కాదని డెబియన్ వాళ్లు 2006లో ఓటు వేసి తేల్చారు. అందుకని ఆ మాన్యువల్స్ నాన్‌ఫ్రీ విభాగంలోకి పోయాయి. ఆ విభాగం ఆన్ చేస్తే గానీ రావు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కి మొదటి పుస్తకం రాసినవాళ్ల పుస్తకమే స్వేచ్ఛ లేనిదని పక్కన పెట్టారన్నమాట. దీని మీద మాట్లాడుకోవాలంటే ఇంకో చర్చ తెరవండి, ఇక్కడొద్దు. పోయినసారి ఏమైందో తెలుసుగా.

---

కొత్త_పెంగ్విన్ | మంగళవారం, రాత్రి 10.20

బాష్ డాక్ వేశా. మెనూలు వచ్చాయి.

ఇంకో చిన్న సంగతి. మెట్లు దిగి ఒక పేజీకి వస్తే, పేజ్‌డౌన్ నొక్కుతూ చదువుతా. చివరికి రాగానే ఆగిపోతుంది, మళ్లీ యూ, మళ్లీ ఎమ్, మళ్లీ పేరు. నవల చదివినట్టు ఏకబిగిన చదవడానికి వీల్లేదా?

---

వేపచెట్టు | బుధవారం, ఉదయం 5.55

స్పేస్ బార్ నొక్కు. పేజ్‌డౌన్ ఆ నోడ్ గోడ దాటదు. స్పేస్ దాటుతుంది. నోడ్ చివర్న మెనూ ఉంటే అందులో మొదటి ఐటమ్‌లోకి దిగుతుంది, లేకపోతే తర్వాతి నోడ్‌కి, అదీ లేకపోతే పైకెక్కి ఆ తర్వాతి దానికి. బ్యాక్‌స్పేస్ వెనక్కి అలాగే. మెనూ సంగతే పట్టించుకోకుండా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా స్పేస్ ఒక్కదానితో పోవచ్చు. తెర జరపకుండా నోడ్ నుంచి నోడ్‌కు అలాగే పోవాలంటే చతురస్రపు బ్రాకెట్లు ] [ వాడు.

నేను కొత్త పుస్తకమైతే స్పేస్‌తోనే చదువుతా. తెలిసిన పుస్తకంలో వెతుక్కోవాలంటే ఐ. అది వెనక అట్ట దగ్గరుండే విషయసూచిక. పదం చెప్తే నోడ్‌కి తీసుకెళ్తుంది, కామా కొడితే తర్వాతి చోటు. ఈ రెండిటి మధ్యలో ఎక్కడో ఉంటుంది మెనూతో పని. పుస్తకం ఎలా కట్టారో తెలుసు, కావలసిన మాట ఏమిటో సరిగ్గా తెలీదు, అప్పుడు.

---

చెవులే_కళ్ళు | బుధవారం, ఉదయం 8.30

పెంగ్విన్ తమ్ముడూ, హెచ్చరిక: సాయం కోసం పెద్ద హెచ్ కొడితే తెర రెండుగా చీలి కింద కీల జాబితా వస్తుంది. దాన్ని మూయడానికి క్యూ కొట్టకు, ఇన్ఫో మొత్తం మూసుకుపోతుంది. నేను ఒక రాత్రి నాలుగు సార్లు అలా పోగొట్టుకున్నా. కంట్రోల్ ఎక్స్, తర్వాత 0. సగంలో ఆపేయాలనుకున్న ఏ ప్రశ్నకైనా కంట్రోల్ జీ.

---

పచ్చళ్ళ_పుస్తకం | బుధవారం, మధ్యాహ్నం 2.15

మీ అందరి మాటలూ చదివి నేనూ బయటికొస్తున్నా. నేను మా ఇంటి పచ్చళ్ల కొలతలన్నీ టెక్స్‌ఇన్ఫోలో తెలుగులో రాసుకుంటున్నా. నవ్వేవాళ్లు నవ్వండి. మా ఆయన ఆల్రెడీ నవ్వేశారు.

అంతా బానే ఉంది గానీ ఒక పచ్చడి మెనూలో కనిపిస్తుంది, ఎంటర్ కొడితే అలాంటి నోడ్ లేదంటుంది. గోంగూర పచ్చడి, తర్వాత కోలన్, తర్వాత నిల్వది అని పేరు పెట్టా. మిగతావన్నీ సవ్యంగా తెరుచుకుంటున్నాయి. ఇది ఒక్కటే ఎందుకు పేచీ?

ఇంకోటి. మెనూలో ఐటమ్ పేరు ఎడమవైపు, వివరణ కుడివైపు ఒకే గీతలో రావాలి కదా. తెలుగులో రాస్తే వివరణలు మెట్లమెట్లుగా వస్తున్నాయి.

---

బందరు_లడ్డు | బుధవారం, మధ్యాహ్నం 2.40

కోలనే దొంగ. ఇన్ఫో రీడర్ మెనూ లైనును ఎలా చదువుతుందంటే: చుక్క, ఖాళీ, పేరు, కోలన్. కోలన్ రాగానే పేరు అయిపోయిందనుకుంటుంది. ఆ తర్వాత ఇంకో కోలన్ ఉంటే పేరే నోడ్ పేరు. లేకపోతే కోలన్ తర్వాత ఉన్నది నోడ్ పేరని తీసుకుంటుంది. మీ దాంట్లో గోంగూర పచ్చడి దగ్గర ఆగిపోయి, నిల్వది అనే నోడ్ కోసం వెతుకుతోంది. నోడ్ పేర్లలో కోలన్, కామా, ఫుల్‌స్టాప్ పెట్టకండి.

వివరణల వంకర మీ తప్పు కాదు. ఒత్తులూ గుణింతాలూ ఎన్ని గడులు తీసుకుంటాయో లెక్క వేసేటప్పుడు ఒకటి, టెర్మినల్ గీసేటప్పుడు ఒకటి. చాలా టెర్మినళ్లలో తెలుగు అక్షరాలే చెదిరిపోతాయి, మెనూ గీతలు అందులో లెక్కా? ఈమాక్స్ గ్రాఫిక్ కిటికీలో తెరిచి చూడండి, కనీసం అక్షరాలు నిలబడతాయి.

---

కొత్త_పెంగ్విన్ | బుధవారం, రాత్రి 9.10

పచ్చళ్ళ_పుస్తకం అక్కా, తెలుగులో రాస్తే ఎమ్ కొట్టాక పేరు టైప్ చెయ్యడం ఎలా? ఊరికే ప్రయత్నిద్దామని నేను ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్ పెట్టా. ఇక ఏ కీ నొక్కినా ఇన్ఫో పలకదు. రీస్టార్ట్ కూడా చేశా.

---

పచ్చళ్ళ_పుస్తకం | బుధవారం, రాత్రి 9.35

😀 నాకూ అయింది తమ్ముడూ. ఇన్‌స్క్రిప్ట్‌లో ఎమ్ ఉన్న చోట స ఉంటుంది, ఎన్ ఉన్న చోట ల, యూ ఉన్న చోట హ. నువ్వు మెనూ అంటున్నావు, దానికి స అని వినిపిస్తోంది. ఎమ్ ఇంగ్లిష్‌లో కొట్టి, ప్రశ్న వచ్చాక లేఅవుట్ మార్చి పేరు కొట్టి, ఎంటర్ అయ్యాక మళ్లీ ఇంగ్లిష్‌కి రావాలి. చిరాకు. అందుకే నేను ఒక్కో మెనూలో తొమ్మిది పచ్చళ్లకి మించకుండా సర్దుకున్నా. ఇంగ్లిష్ లేఅవుట్‌లోనే ఉండి అంకె కొట్టేస్తా. అత్తగారివి ఒక మెనూ, అమ్మవి ఒక మెనూ. కలిపితే ఎలాగూ గొడవే.

---

డాలస్_పిన్ని | బుధవారం, రాత్రి 9.50

ఎవరి మెనూ ముందు వస్తుందమ్మా?

---

పచ్చళ్ళ_పుస్తకం | బుధవారం, రాత్రి 9.53

అక్షర క్రమం పిన్నీ. అత్తగారు, అమ్మ. దేవుడు రక్షించాడు.

---

రెండో_షిఫ్ట్ | గురువారం, తెల్లవారుజాము 3.20

షిఫ్ట్‌లో ఖాళీ దొరికి పిన్ఫో (pinfo) అనే ఇంకో రీడర్ వేసి చూశా. ఇన్ఫో ఫైళ్లనే లింక్స్ పద్ధతిలో, రంగులతో, బాణాలతో చూపిస్తుంది. కుడి బాణం లోపలికి, ఎడమ బాణం వెనక్కి. ఇన్ఫో తెరవడం ఐదోసారి, పొరపాటున కాదు.

మెట్లూ గొడవా వద్దనుకునేవాళ్లకి ఇంకో దారి: ఇన్ఫో కమాండ్‌కి సబ్‌నోడ్స్ అనే ఆప్షన్ పెట్టి, అవుట్‌పుట్ ఒక ఫైల్లోకి పంపితే మెనూల కింద ఉన్నవన్నీ కలిపి ఒకే పొడుగాటి టెక్స్ట్‌గా వస్తుంది. ఫోన్‌లో వేసుకుని బస్సులో చదువుకోవచ్చు.

---

కొత్త_పెంగ్విన్ | గురువారం, రాత్రి 8.05

బస్సులో చదివే ఐడియా బాగుంది అన్నా, మధిర నుంచి ఖమ్మం దాకా ఒక అధ్యాయం అవుతుంది. కానీ ఇంట్లో మాత్రం మెనూలే. ఇవాళ సాయంత్రం కరెంట్ ఉంది, నెట్ లేదు. డేట్ కమాండ్‌లో నిన్నటి తేదీ ఎలా రాయాలో కావలసి వచ్చింది. డీ, ఎమ్, డేట్, ఎంటర్. లోపలి మెనూలో ఉదాహరణలు అని ఒకటి కనబడింది, దిగా, దొరికింది. ఎవర్నీ అడగలేదు.

---

వేపచెట్టు | శుక్రవారం, ఉదయం 6.00

అక్కడ యూ కొట్టి పక్కవాటిని కూడా చూడు. తేదీని మాటల్లో రాసే పద్ధతి మీద విడిగా ఒక అధ్యాయమే ఉంది. నెక్స్ట్ మంగళవారం లాంటివి.

---

పచ్చళ్ళ_పుస్తకం | శుక్రవారం, ఉదయం 10.45

కోలన్ తీసేసి నిల్వ గోంగూర అని పేరు మార్చా. తెరుచుకుంది. అత్తగారి మెనూలో ఇప్పుడు ఆరు పచ్చళ్లూ వస్తున్నాయి. మాగాయ నోడ్ మాత్రం ఖాళీ. మెంతిపిండి ఎంతో ఆవిడ ఫోన్‌లో చెప్పరట, వచ్చి చూసుకోమన్నారు.